దేనికి

బూట్లు బటాలియన్ స్టోర్ల నుంచి వచ్చినయి, గోనెసంచిల.
వాటిమీద ఎవరివో రెండు పేర్లు, రెండూ గీకేసి ఉన్నయి.
ఒక్కోటి తడిసిన ఇటుకంత బరువు.
చీలమండకాడ వంగవు.
వంగకపోవుడే వాటి పని, అన్నది హవల్దారు మేడం.
ఆమె కూడ మంచును ఫొటోలనే చూసింది.

పరకాలల మా ఇంటి గచ్చు మీద
మూడు జతల సాక్సులేసుకొని నాలుగు రోజులు తిరిగిన.
ఐదో రోజుకు బొటనవేలి గోరు నేరేడుపండైంది.
జమ్మూ రైలుకు ఇంక పదకొండు దినాలు.

చెప్పుల షాపోడు నవ్విండు.
మడిగెల కూసున్న ముసలాయన సూది పక్కకు పెట్టి
"ఇది తోలు కాదు బిడ్డా, నా మాట వినదు" అన్నడు.
ఆఖరుకు దవాఖాన కాంపౌండరే చెప్పిండు:
కుమార్‌పల్లిల జన్ను సారంగపాణి ఉంటడు, పో.

గడప లేని దుకాణం.
కావాలనే తీసేసిండు. ఎందుకో
లోపల బెంచి మీద కూసున్నోళ్లను చూస్తే తెలుస్తది.
సున్నమసొంటి పొడి, ఇనుప పట్టీలు, మొలలకు వేలాడే
అరచేతంత బూట్లు, ఒకదాని మడమ ఎత్తు, ఒకదానిది మామూలు.

నా బూట్ల దిక్కు చూడనే లేదు.
"సాక్సులిప్పు. మూడూ."
ఇప్పిన.
"రెండు కాళ్ల మీద సమానంగ నిలబడు."
నిలబడ్డ.
"అది సమానం కాదు."

జామకాయ తూకం చూసినట్టు
నా మడమను అరచేతిల పెట్టుకున్నడు.
బొటనవేలితోటి ఒక ఎముకను పట్టిండు,
అది నాకున్నదని నాకే తెల్వదు.
"చిన్నప్పుడు పడ్డవు. కుడిదిక్కు."
ఇంట్ల కూడ చెప్పలేదు నేను, ఆ గోడ దూకిన సంగతి.

"ఎడమది రెండు నూళ్లు పెద్దది. పో, పొద్దుగూకినంక రా.
పొద్దటి కాలు అబద్ధం చెప్తది."

పొద్దుగూకినంక వాజిలిన్ల కుంకుమ కలిపి
నొప్పున్న ప్రతి ఎముకకు బొట్టు పెట్టిండు,
ఒక్క పలుచటి సాక్సు మీదనుంచి.
బూటుల కాలు దూర్చి, మడమను ఎనుకకు కొట్టమన్నడు. కొట్టిన.
మోకాలు ముందుకు వంచమన్నడు. వంచిన.
గోడకు ఆనిన వేలు వెంట్రుకవాసి ఎనుకకు జరిగింది.
"గంతే కావాలె."
బూటు ఇప్పి టార్చి ఏసి చూస్తే
లోపల ఎర్రగ, నా కాలు సంతకం.

ఆ ఎరుపు ఉన్న కాడనే వేడిగాలి పట్టిండు.
ప్లాస్టిక్ మెత్తబడుడు ఆయన చెవికి తెలిసిందో ముక్కుకు తెలిసిందో,
చెక్క గుండుతోటి లోపటినుంచి ఒక్క నొక్కు.
మళ్లా తొడుగు. మళ్లా ఇప్పు.
ఏడుసార్లు. ఎనిమిదోసారికి నేను లెక్క మరిచిన.
"బిగువు వేరు, నొప్పి వేరు.
మంచి బూటు చెయ్యి పట్టుకున్నట్టుండాలె, గుంజినట్టు కాదు."

బెంచి మీద పిలగాడు, రెండు కాళ్లకూ పట్టీలు,
శానసేపటి సంది చూస్తున్నోడు అడిగిండు:
"నీకు గూడ ఆపరేషనయిందా అక్కా?"
లేదు అన్న.
"మరి గంత గట్టి బూట్లెందుకు?"
జారెతందుకు.
వాడు వాళ్లమ్మ మొకం చూసిండు. ఆమె నా మొకం చూసింది.
సారంగపాణి చేతుల పని ఆగింది.

"ముప్ఫై ఏండ్ల సంది
జారకుంట చేసుడే నా పని," అన్నడు మెల్లగ.
"నువ్వేమో..."
ముక్క పూర్తి చెయ్యలేదు. క్లిప్పు ఒకటి ఒక పన్ను సడలించిండు.

పైసలు తీసుకున్నడు, మొత్తం. రూపాయి తగ్గియ్యలేదు.
నాకది నచ్చింది.

పోయే ముందు రిజిస్టరు తీసిండు.
పేరు, ఊరు, కాలు, తారీఖు. ఆఖరు గడి: దేనికి.
పైనుంచి కిందిదాక ఒకటే దస్తూరి,
నడుచుటకు. నడుచుటకు. నిలబడుటకు. నడుచుటకు. బడికి పోవుటకు.
పెన్సిలు నాలుకకు తాకించి జరసేపు ఆగిండు.
పిలగాడు మెడ సాగదీసి చూస్తున్నడు.

జారుటకు, అని రాసిండు.
రాసి, తప్పేమన్న పడ్డదా అన్నట్టు
ఇంకోసారి చదువుకున్నడు.